‘ది స్నోమ్యాన్’ సినిమాలో కథ మధ్యమధ్యలో ఎందుకు మాయమైపోతుంది?

మొన్న విజయనగరంలో మా రూమ్‌లో నలుగురం కూర్చుని ఈ సినిమా చూశాక మాకూ ఇదే డౌటొచ్చింది. నార్వే రచయిత జో నెస్బో రాసిన ఇదే పేరున్న క్రైమ్ నవల అంత బాగా అమ్ముడుపోయింది కదా, దాని ఆధారంగా 2017లో వచ్చిన సినిమా ఇలా అతుకుల బొంతలా ఉందేంటి అని.

కారణం దర్శకుడు తోమస్ ఆల్ఫ్రెడ్‌సనే చెప్పేశాడు: స్క్రిప్టులో 10 నుంచి 15 శాతం అసలు షూటే చేయలేదట! మొదట మార్టిన్ స్కోర్సెసీ తీస్తాడనుకున్న సినిమా ఇది, ఆయన ఎగ్జిక్యూటివ్ ప్రొడ్యూసర్‌గా మిగిలిపోయాక ఆల్ఫ్రెడ్‌సన్ చేతికొచ్చింది, ఆ తర్వాత డబ్బు రెడీ అనే కబురు హఠాత్తుగా రావడంతో హడావుడిగా మొదలెట్టేశారు, నార్వేలో షూటింగ్‌కి దొరికిన టైమేమో మరీ తక్కువ. మా ఊరి భాషలో చెప్పాలంటే, సిరిమానోత్సవానికి జనం వచ్చేశారు గానీ మాను ఇంకా తోటలోనే ఉంది.

ఏమేం తీయలేదో ఎడిటింగ్‌లో కూర్చున్నాకే తెలిసింది. 2017లో మళ్ళీ కొంత షూట్ చేశారు, స్కోర్సెసీ సినిమాల ఎడిటర్ థెల్మా స్కూన్‌మేకర్ కూడా చెయ్యేసింది. కానీ లేని సీన్‌ని ఏ ఎడిటర్ మాత్రం ఎక్కడినుంచి తెస్తుంది?

ఇంకోటి. ఇందులో నటించిన, గొంతు క్యాన్సర్‌తో బాధపడ్డ వాల్ కిల్మర్‌కి వేరేవాళ్ళ గొంతు పెట్టారు. డబ్బింగ్ సినిమాలు చూసి పెరిగిన మనకే అది అతకలేదనిపించిందంటే చూడండి.

ట్రైలర్ కూడా చూడండి ఓసారి, అందులో ఉన్న కొన్ని షాట్లు సినిమాలోనే లేవు.