పాఠకుల ప్రశ్నలు: మడత ఎలక్ట్రిక్ సైకిలు కొనే ముందు

ప్రశ్న: నేను కూకట్‌పల్లిలో లిఫ్టు లేని అపార్ట్‌మెంటులో మూడో అంతస్తులో ఉంటాను. ఇంటి నుంచి మెట్రో స్టేషన్ రెండున్నర కిలోమీటర్లు. రాయదుర్గంలో దిగాక ఆఫీసు మరో మూడు కిలోమీటర్లు. రోజూ ఆటోలకు పెట్టలేక, మార్కెట్లోకి కొత్తగా వచ్చిన ఒక మడత ఎలక్ట్రిక్ సైకిలు కొందామనుకుంటున్నాను. 36 వోల్టులు, 7.8 ఆంపియర్-అవర్ల బ్యాటరీ, 250 వాట్ల మోటారు, 20 అంగుళాల చక్రాలు, 21 కిలోల బరువు అని రాశారు. ఒక్క చార్జింగుతో 80 కిలోమీటర్లు వెళ్తుందనీ, పది సెకన్లలో మడవవచ్చనీ, బ్రేకు వేసినప్పుడల్లా బ్యాటరీ చార్జవుతుందనీ, విమానంలో కూడా తీసుకెళ్లవచ్చనీ ప్రకటన. వీటిలో ఎంతవరకు నిజం?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: మీ ఉత్తరం చదువుతుంటే నా చూపు ముందుగా 21 కిలోల దగ్గర ఆగింది. మీరు రోజుకు తొక్కేది రానూపోనూ 11 కిలోమీటర్లు. ఆ దూరానికి ఈ బ్యాటరీ ఎలా చూసినా చాలు. బరువును మాత్రం రోజూ మూడంతస్తులు మోయాలి. మనం ఇంటికి తెచ్చుకునే 25 కిలోల బియ్యం బస్తాకు అది కాస్త తక్కువ, అంతే. పైగా బస్తా భుజం మీద కుదురుగా కూర్చుంటుంది, మడిచిన సైకిలు అలా కూర్చోదు. ఇటువంటిదాన్నే ఒకటి నేను రెండో అంతస్తు దాకా మోసి చూశాను. మెట్ల మొదటి మలుపులోనే చేయి మార్చుకోవలసి వచ్చింది, పెడలు మోకాలి కింది ఎముకకు రెండుసార్లు తగిలింది, చైన్ బయటివైపు ఉండడంతో నల్లటి గ్రీజు ప్యాంటుకు అంటుకుంది.

అందుకే మడత సైకిలును మడిచి ఉన్నప్పుడే ముందుగా పరీక్షించాలి. 1970ల మధ్యలో లండన్‌లో ఆండ్రూ రిచీ రూపొందించిన బ్రాంప్టన్ మడత సైకిలుకు నేటికీ ఆదరణ ఉండడానికి ముఖ్య కారణం, మడిచినప్పుడు చైన్ రెండు చక్రాల మధ్యకు వెళ్లిపోయి, బట్టలకు అంటకుండా ఉండడం. ఆ సంస్థ తర్వాత తెచ్చిన ఎలక్ట్రిక్ సైకిలులో బ్యాటరీని ముందు తగిలించే సంచీలో పెట్టారు. సంచీ ఊడదీసి భుజానికి వేసుకుంటే చేతిలో సైకిలు బరువు ఆ మేరకు తగ్గుతుంది. మీరు చూసిన బండిలో బ్యాటరీ ఊడి వస్తుందా, మడిచాక తనంతట తాను విచ్చుకోకుండా పట్టి ఉంచే ఏర్పాటు ఉందా, మడిచిన స్థితిలోనే దొర్లించుకుంటూ వెళ్లవచ్చా అన్నవి అడగండి. పది సెకన్ల మాట అమ్మే మనిషి చేతిలో నిజమే కావచ్చు. దుకాణంలో మీ చేతులతో మూడుసార్లు మడిచి విప్పి చూడండి. మెట్రోలో సామాను కొలతలకూ బరువుకూ పరిమితులున్నాయి కనుక, మడిచిన కొలతలు రాసుకుని వెళ్లి మీరు ఎక్కే స్టేషన్లో అడిగాకే డబ్బు కట్టండి.

ఇక ప్రాణానికి సంబంధించిన భాగం మడతబందు. ఇటువంటి సైకిళ్లలో ఒక బందు ఫ్రేము మధ్యలో, ఇంకొకటి హ్యాండిల్ కడ్డీ అడుగున ఉంటాయి. రెండో దాని మీద శ్రమ చాలా ఎక్కువ, ఎందుకంటే బ్రేకు వేసినప్పుడు మన శరీరమంతా ముందుకు వాలే బలం, గుంతలో చక్రం పడ్డప్పుడు వచ్చే కుదుపు, ఆ పొడవాటి కడ్డీ గుండా ఆ ఒక్క కీలు దగ్గరికే చేరతాయి. ముందు బ్రేకు గట్టిగా పట్టి, బందు అతుకు మీద వేలు ఆనించి, సైకిలును ముందుకూ వెనక్కూ ఊపండి. వేలికి సన్నని కదలిక తెలిసినా, టిక్‌మని చప్పుడు వినిపించినా ఆ బండి వద్దు. బిగించే లివరు పొరపాటున తెరుచుకోకుండా దానికి రెండో గొళ్లెం ఉండి తీరాలి. చిన్న చక్రం పెద్ద చక్రం కన్నా గుంతలో లోతుగా దిగుతుంది కనుక, వానల తర్వాత మన రోడ్లకు సుమారు రెండంగుళాల వెడల్పున్న టైర్లే మేలు.

80 కిలోమీటర్ల సంగతి లెక్కలోనే తేలిపోతుంది. 36ను 7.8తో హెచ్చిస్తే దాదాపు 281 వాట్-అవర్లు, అంటే బ్యాటరీలో నిల్వ ఉండే మొత్తం శక్తి. దాన్ని 80తో భాగిస్తే కిలోమీటరుకు మూడున్నర వాట్-అవర్లు మాత్రమే వస్తాయి. అంటే చాలావరకు తొక్కుతున్నది మీ కాళ్లేనన్నమాట. తేలిగ్గా తొక్కుతూ మోటారు సాయం తీసుకుంటే కిలోమీటరుకు ఎనిమిది నుంచి పది, అసలు తొక్కకుండా థ్రాటిల్ మీదే వెళ్తే పన్నెండు నుంచి పదిహేను ఖర్చవుతాయని వేసుకోండి. మొదటి పద్ధతిలో ముప్పై కిలోమీటర్లు, రెండో పద్ధతిలో ఇరవై కిలోమీటర్లు అటూఇటుగా వస్తాయి. మీ అవసరానికి ఇది రెట్టింపు కనుక, పెద్ద బ్యాటరీ కోసం ఎక్కువ చెల్లించకండి. ఆ డబ్బుతో నాలుగైదు కిలోలు తగ్గే ఫ్రేము దొరుకుతుందేమో చూడండి.

బ్రేకుతో చార్జింగు విషయంలో ఆశ పెట్టుకోవద్దు. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో పోతున్న మనిషి, సైకిలు, సంచీ కలిపి 95 కిలోలనుకుంటే, ఆ కదలికలో ఉన్న శక్తి మొత్తం 0.64 వాట్-అవర్లే. అదంతా తిరిగి వచ్చినా వంద మీటర్ల ప్రయాణానికి సరిపోదు. పైగా చక్రంలోపల గేర్లుండే మోటార్లలో సాధారణంగా ఫ్రీవీలు ఉంటుంది, చక్రం మోటారును తిప్పలేదు. విమానం మాట మరీ అన్యాయం. ప్రయాణికుల సామానులో 160 వాట్-అవర్లు దాటిన లిథియం బ్యాటరీని అనుమతించరు, ఇది 281.

250 వాట్లు, గంటకు 25 కిలోమీటర్ల పరిమితి దాటని, ఆమోద పత్రం ఉన్న సైకిలుకు మోటారు వాహన నిబంధనల ప్రకారం రిజిస్ట్రేషన్, లైసెన్సు అక్కరలేదు. "వేగం పెంచి ఇస్తాం" అని దుకాణదారు అంటే ఒప్పుకోకండి, ఆ క్షణం నుంచి అది రిజిస్ట్రేషనూ బీమా లేని మోటారు వాహనం. ఎత్తుల మీద కూడా ఒక మాట: వంద మీటర్లకు ఎనిమిది మీటర్లు లేచే రోడ్డును గంటకు పన్నెండు కిలోమీటర్ల వేగంతో ఎక్కడానికి 280 వాట్లు కావాలి. బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ వైపు వెళ్లే రోజున మోటారుతో పాటు మీరూ తొక్కాలి. తొక్కకుండా నెమ్మదిగా ఈడిస్తే మోటారు వేడెక్కుతుంది.

ప్రశ్న: మా అబ్బాయి తన ఎలక్ట్రిక్ సైకిలు బ్యాటరీని రాత్రంతా ఇంటి గుమ్మం పక్కన చార్జింగు పెడుతున్నాడు. ప్రమాదమా?
– ఒక గృహిణి, మల్కాజిగిరి

జవాబు: చోటు మార్చమనండి, ఈ రోజే. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూములో రేగిన మంటల పొగ పైనున్న హోటలును కమ్మి ఎనిమిది మంది చనిపోయారు. బ్యాటరీ అంటుకుంటే పొగ నిమిషాల్లో నిండుతుంది. గుమ్మమే మూసుకుపోతే లోపలివారికి దారి ఉండదు. పరుపులు, కర్టెన్లు లేని చోట, గచ్చు మీద, ఇంట్లో ఎవరైనా మేలుకుని ఉన్న వేళ, కంపెనీ ఇచ్చిన చార్జరుతోనే పెట్టాలి. సాధారణంగా ఈ బ్యాటరీలను 45 డిగ్రీల వేడి దాటాక చార్జి చేయకూడదు. మే నెలలో ఎండలో తిరిగి వచ్చిన బ్యాటరీ ముట్టుకుంటేనే కాలుతుంది కనుక, ఒక గంట నీడలో చల్లారనివ్వండి. ఉబ్బినా, కింద పడి సొట్టపోయినా మళ్లీ ప్లగ్గు పెట్టవద్దు.

ప్రశ్న: "వాటర్‌ప్రూఫ్" అని రాసిన సైకిలును వాన నీళ్లలో నడపవచ్చా?
– ఒక పాఠకుడు, టోలిచౌకి

జవాబు: ఆ మాట పక్కన ఏ అంకె ఉందో చూడండి. ఐపీఎక్స్4 అంటే నీటి తుంపర్లకు మాత్రమే తట్టుకుంటుంది. ఐపీ67 అంటే మీటరు లోతులో అరగంట మునిగినా నీరు చేరదు, కానీ చాలా ప్రకటనల్లో ఆ అంకె మోటారుకో బ్యాటరీకో వర్తిస్తుంది తప్ప వైర్ల కలయికలకూ డిస్‌ప్లేకూ కాదు. ఇరుసు మునిగేంత నీరు నిలిచిన రోడ్డులో దిగి నడిపించుకు వెళ్లండి, ఇంటికి చేరాక కనెక్టర్లు విప్పి పొడి గుడ్డతో తుడవండి.