మందు కొట్టించే ముందు

చిరంజీవి అమ్మాయికి,

మామయ్య ఆశీస్సులు. మీ పార్కులో గన్నేరుకూ మందారానికీ పట్టిన పురుగుల ఫొటోలు నువ్వు పంపినవి చూశాను. గన్నేరు మీది చూస్తే, పసుపు ఒళ్లు, నల్ల కాళ్లు, వెనకవైపు రెండు సన్నని గొట్టాలు. సందేహం లేదు, గన్నేరు పేనుబంకే, మొక్క రసం పీల్చే చిన్న పురుగు. మీ పార్కు గోడ పక్కన జిల్లేడు ఉంటే దాని మీదా ఇదే కనిపిస్తుంది. మందారం మీద ఉన్నది వేరే రకం పేనుబంక.

వారంలోనే కొమ్మంతా నిండిపోయిందని కంగారు పడకు. దీనికి మగ పురుగుతో పనిలేదు, గుడ్ల గొడవా లేదు. ఆడది నేరుగా పిల్లల్ని కంటుంది. ఆ పిల్లలు కొద్ది రోజుల్లోనే మళ్లీ తల్లులవుతాయి. మన విశాఖలో చలి తగిలే నెలల్లో వీటికి పండగ. పెద్ద వాన పడితే చాలావరకు కొట్టుకుపోతాయి.

రేపే మందు కొట్టించాలని మీ కమిటీవాళ్లు అంటున్నారు కదా, ఆపించు. పిల్లలు ఆడే చోట విషం ఎందుకు? పైగా ఆ మందుకు పేనుబంకతో పాటు దాన్ని తినేవీ చస్తాయి. పేనుబంక మళ్లీ పుట్టుకొస్తుంది, తినేవి అంత తొందరగా రావు. ఆ తినేవి ఉన్నాయేమో, ముందు భూతద్దం పట్టుకుని ఒక్క మందార కొస చూడు. నారింజ మచ్చలతో, బుల్లి మొసలిలా పాకే నల్లటి పురుగు కనిపిస్తే అది అక్షింతల పురుగు (లేడీబర్డ్) పిల్ల. కాళ్లు లేని లేతాకుపచ్చ పురుగు గుంపు మధ్య తల ఊపుతూ ఉంటే అది పూల మీద వాలే సిర్ఫిడ్ ఈగ పిల్ల. మాలీలు ఈ రెండింటినీ చీడ అనుకుని నలిపేస్తారు, పాపం. గోధుమరంగులో ఉబ్బి కదలకుండా ఉన్న పేనుబంకలు కనిపిస్తే అవీ తుంచవద్దు. వాటి లోపల చిన్న కందిరీగ పెరుగుతోంది.

ఇక చేయవలసింది. పొద్దున్నే గొట్టంతో నీళ్లు జోరుగా, ఆకు అడుగు తడిసేలా కొట్టించు. రెండు రోజులకు మళ్లీ. అయినా తగ్గకపోతే లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కలవడానికి కాస్త సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం పూట పట్టిన కొమ్మలకే చల్లించు. గన్నేరు కొసలు కత్తిరించేటప్పుడు మాలికి చేతి తొడుగులు ఇవ్వు. ఆ పాలు విషం, కొమ్మల్ని తగలబెట్టనివ్వకు.

చీమల సంగతి మరచిపోవద్దు. పేనుబంక విసర్జించే తీపి జిగురు కోసం అవి కాపలా కాస్తాయి, తినడానికి వచ్చిన పురుగుల్ని తరుముతాయి. గోడకు తగిలే కొమ్మలు కత్తిరిస్తే వాటికి సగం దారులు మూసుకుపోతాయి. బెంచీల మీద జిగురు, ఆకుల మీద మసి కూడా ఈ తీపి వల్లే. బెంచీ కడిగేవాళ్లను ఒకసారి తలెత్తి పై కొమ్మ చూడమను.

యూరియా బస్తా తెప్పించారని రాశావు. దాన్ని ఈ చెట్లకు ఇప్పుడు వేయించకు. లేత చిగుళ్లు ఎగదన్నుకొస్తాయి, పేనుబంకకు కావలసింది అవే.

ఆదివారం మాలి వచ్చినప్పుడు ఫోను చెయ్యి. గొట్టం ఎలా పట్టాలో అతనికే చెబుతాను.

మీ మామయ్య