డెలివరీ అయిందంటున్నారు, వస్తువు రాలేదు: డబ్బు ఎవరిని అడగాలి?

ప్రశ్న: చదువు కోసం ఆన్‌లైన్‌లో ల్యాప్‌టాప్ ఆర్డర్ చేసి, ఆ మొత్తాన్ని క్రెడిట్ కార్డు మీద 12 నెలల వాయిదాలుగా మార్చుకున్నాను. ఇస్తామన్న తేదీ దాటి మూడు వారాలైంది. ట్రాకింగ్‌లో మాత్రం ‘డెలివరీ అయింది’ అని కనిపిస్తోంది. అమ్మకందారును అడిగితే కొరియర్ వారితో మాట్లాడుకోమంటున్నారు; కొరియర్ వారేమో పార్సిల్ పంపినవారే ఫిర్యాదు చేయాలంటున్నారు. మొదటి వాయిదా కట్టేశాను. రెండోది ఆపేయవచ్చా? డబ్బు తిరిగి రావాలంటే ఎవరిని పట్టుకోవాలి?

జవాబు: మీకు జవాబుదారీ అమ్మకందారే. కొరియర్ సంస్థను ఎంచుకున్నది మీరు కాదు, దానితో మీరు ఏ ఒప్పందమూ చేసుకోలేదు. పార్సిల్ దారిలో పోయినా, పొరపాటున మరొకరి చేతికి చేరినా, ఆ లెక్క కొరియర్‌తో తేల్చుకోవలసింది దానికి పని అప్పగించినవారు. ఈ విషయంలో కొరియర్ వారు మీకు చెప్పిన మాట సరైనదే. మీరు ఇక వారికి ఫోన్లు చేయడం మానేసి, ఆ సమయాన్ని రెండు ఉత్తరాలకు కేటాయించండి: ఒకటి అమ్మకందారుకు, మరొకటి కార్డు ఇచ్చిన బ్యాంకుకు. ఇంత తొందర ఎందుకంటే, ‘ఇంకో వారం చూడండి’ అని అమ్మకందారు చెప్పే ప్రతిసారీ, బ్యాంకు దగ్గర అభ్యంతరం నమోదు చేయడానికి మీకున్న గడువులో ఒక వారం కరిగిపోతుంది.

మీరు ఏ దేశంలో ఉన్నారో రాయలేదు కనుక, ఎక్కువమంది పాఠకులకు పనికొచ్చే నిబంధనలను చెబుతాను. బ్రిటన్‌లో 2015 నాటి వినియోగదారుల హక్కుల చట్టం ప్రకారం వస్తువు కొనుగోలుదారు చేతికి, లేదా ఆయన సూచించిన వ్యక్తి చేతికి భౌతికంగా అందేవరకు నష్టభయం, అంటే వస్తువు పోయినా పాడైనా భరించే బాధ్యత, అమ్మకందారుదే. వేరే గడువేదీ అనుకోకపోతే 30 రోజుల్లోగా వస్తువు అందించాలి. యూరోపియన్ యూనియన్ 2011లో తెచ్చిన వినియోగదారుల హక్కుల ఆదేశంలోనూ దాదాపు ఇదే నియమం ఉంది. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నియమం ప్రకారం, తేదీ చెప్పని అమ్మకందారు 30 రోజుల్లోగా వస్తువు పంపించాలి, పంపలేకపోతే ఆ సంగతి తెలియజేసి, ఆర్డరు రద్దు చేసుకునే అవకాశం కొనుగోలుదారుకు ఇవ్వాలి.

భారతదేశంలో 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం, దాని కింద వచ్చిన 2020 ఈ-కామర్స్ నియమాలు మీకు అండగా ఉంటాయి. చెప్పిన గడువు దాటి వచ్చిన వస్తువుకు డబ్బు వాపసు ఇవ్వడానికి అమ్మకందారు నిరాకరించకూడదని ఆ నియమాలు చెబుతున్నాయి. ఆలస్యానికే ఈ మాట వర్తిస్తున్నప్పుడు, అసలు రాని వస్తువు సంగతి వేరే చెప్పనక్కరలేదు. ప్రతి ఈ-కామర్స్ సంస్థా ఒక ఫిర్యాదుల పరిష్కార అధికారిని నియమించాలి. ఆ అధికారి ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేసి, నెల రోజుల్లో పరిష్కరించాలి. అమ్మకందారు తరఫున ఎవరైనా చట్టం చదివినవారు ఉంటే, రవాణాదారుకు సరుకు అప్పగించడమే కొనుగోలుదారుకు అప్పగించినట్టు ప్రాథమికంగా భావించాలన్న 1930 నాటి సరుకుల విక్రయ చట్టంలోని నిబంధనను మీకు చూపించవచ్చు. దానికి బెదరకండి. వినియోగదారుల రక్షణ చట్టం ఇచ్చే పరిహార మార్గం ఇతర చట్టాలకు అదనంగా ఉన్నదని ఆ చట్టమే చెబుతోంది. ఇంటికి చేరుస్తామని మాట ఇచ్చి డబ్బు తీసుకున్నవారు ఆ పని చేశారా లేదా అన్నదే అక్కడ ప్రశ్న అవుతుంది.

ఇక ట్రాకింగ్ సంగతి. ‘డెలివరీ అయింది’ అన్న అక్షరాలు పార్సిల్ మీకు అందిందనడానికి రుజువు కావు. అవి కొరియర్ ఉద్యోగి తన యంత్రంలో నొక్కిన ఒక బటన్ ఫలితం మాత్రమే. ఎవరు సంతకం చేశారు, ఫొటో ఉందా, ఓటీపీ తీసుకున్నారా, ఏ చిరునామాలో, ఏ సమయానికి ఇచ్చారు అన్న వివరాలను అమ్మకందారు నుంచి రాతపూర్వకంగా అడగండి. అంతకంటే ముందు మీ వైపు రెండు సంగతులు చూసుకోండి. ఆర్డరులో మీరు ఇచ్చిన చిరునామా సరిగా ఉందా? ఇంట్లో లేకపోతే పొరుగువారికి ఇవ్వమనో, గుమ్మం దగ్గర పెట్టమనో మీరే సూచించారా? అలా సూచించి ఉంటే, ఆ పొరుగువారికి అందిన క్షణంలోనే వస్తువు మీకు అందినట్టు వాదించే అవకాశం అమ్మకందారుకు దొరుకుతుంది. అలాంటిదేమీ లేకపోతే, అందజేశామనేవారే ఆధారం చూపాలి.

అమ్మకందారుకు రాసే ఉత్తరంలో కోపానికి చోటివ్వకండి, తేదీలకే చోటివ్వండి. ఆర్డరు సంఖ్య, చెల్లించిన తేదీ, ఇస్తామన్న తేదీ, వస్తువు అందలేదన్న స్పష్టమైన వాక్యం, మీకు కావలసినది ఏమిటన్నది ఉంటే చాలు. ‘డబ్బైనా ఇవ్వండి, వస్తువైనా పంపండి’ అని రాయడం కంటే రెండింటిలో ఒకటి ఎంచుకోవడం మేలు. మూడు వారాలు దాటింది కాబట్టి మీరు డబ్బే అడగాలని నా అభిప్రాయం. ఏడు రోజులో పది రోజులో గడువు పెట్టి, ఆలోగా డబ్బు రాకపోతే బ్యాంకులోను, వినియోగదారుల వేదికలోను ఫిర్యాదు చేస్తానని తెలియజేయండి. మార్కెట్‌ప్లేస్‌లో, అంటే ఇతరుల సరుకును అమ్మిపెట్టే సైటులో కొన్నట్లయితే ఇన్‌వాయిస్ మీద అమ్మకందారు పేరు వేరేగా ఉంటుంది, ఆ సైటుకు, అమ్మకందారుకు ఇద్దరికీ పంపండి. యాప్‌లోని చాట్‌లో మాట్లాడితే దాని స్క్రీన్‌షాట్లు దాచుకోండి. డబ్బుకు బదులు యాప్ వాలెట్‌లో జమ చేస్తామంటే ఒప్పుకోకండి: మీ అప్పు బ్యాంకు దగ్గర ఉండగా, ఆ డబ్బు అమ్మకందారు దుకాణంలోనే ఖర్చు పెట్టవలసిన రూపంలో ఉంటే మీకు ఒరిగేదేమీ లేదు.

ఈ గడువు ముగిసేవరకు బ్యాంకు ఉత్తరాన్ని ఆపవలసిన పని లేదు. వీసా, మాస్టర్‌కార్డు వంటి కార్డు వ్యవస్థల్లో ఛార్జ్‌బ్యాక్ అనే ఏర్పాటు ఉంది. వస్తువు అందలేదని కార్డుదారు రుజువులతో చెబితే, బ్యాంకు ఆ మొత్తాన్ని అమ్మకందారు బ్యాంకు నుంచి వెనక్కి రప్పించడానికి ప్రయత్నిస్తుంది. మామూలుగా దీనికి వస్తువు అందవలసిన తేదీ నుంచి 120 రోజుల గడువు ఉంటుంది, కాని మీ బ్యాంకు తన దగ్గర ఇంకా తక్కువ గడువు పెట్టుకుని ఉండవచ్చు కాబట్టి ఆ లెక్క మీద ఆధారపడకండి. అమెరికాలో చట్టమే కార్డుదారుకు తోడుగా ఉంది: అందని సరుకుకు వేసిన మొత్తాన్ని అక్కడ బిల్లులో తప్పుగానే పరిగణిస్తారు, అయితే ఆ మొత్తం కనిపించిన మొదటి బిల్లు పంపిన తర్వాత 60 రోజుల్లోగా రాతపూర్వకంగా తెలియజేయాలి. బ్రిటన్‌లో 1974 నాటి వినియోగ రుణ చట్టంలోని 75వ సెక్షన్ ప్రకారం, 100 పౌండ్లకు మించి 30,000 పౌండ్ల లోపు ధర ఉన్న వస్తువును క్రెడిట్ కార్డుతో కొంటే, అమ్మకందారుతో పాటు కార్డు సంస్థ కూడా బాధ్యత వహిస్తుంది.

బ్యాంకు ఫారం నింపేటప్పుడు చాలామంది తడబడే చోటు ఒకటి ఉంది. కారణం అడిగే గడిలో ‘ఈ లావాదేవీ నేను చేయలేదు’ అన్నదాన్ని ఎంచుకుంటే పని త్వరగా అవుతుందని కొందరు సలహా ఇస్తారు. అది అబద్ధం, పైగా మీకే నష్టం. మీ ఓటీపీతో, మీ చిరునామాతో చేసిన ఆర్డరు వివరాలను అమ్మకందారు చూపించగానే మీ ఫిర్యాదు వీగిపోతుంది. ‘వస్తువు అందలేదు’ అన్న కారణాన్నే ఎంచుకుని, అమ్మకందారుతో నడిచిన ఉత్తరాలను జత చేయండి. విచారణ సమయంలో బ్యాంకు తాత్కాలికంగా మీ ఖాతాలో మొత్తం జమ చేస్తే దానిని ముట్టుకోకండి, ఎందుకంటే అమ్మకందారు గెలిస్తే అది వెనక్కి పోతుంది. ఈలోగా అమ్మకందారే డబ్బు పంపిస్తే వెంటనే బ్యాంకుకు తెలియజేయండి. ఒకే వస్తువుకు రెండుసార్లు వాపసు తీసుకోవడం రేపు మీ మీదే ఫిర్యాదుగా మారవచ్చు.

రెండో వాయిదా ఆపవచ్చా అని అడిగారు. ఆపకండి. వస్తువు కొనుగోలు ఒక ఒప్పందం, వాయిదాల రుణం మరో ఒప్పందం. మొదటిది చెడినంత మాత్రాన రెండోది దానంతట అది రద్దు కాదు. అమెరికాలో చట్టం చెప్పిన పద్ధతిలో అభ్యంతరం తెలిపిన మొత్తాన్ని విచారణ ముగిసేవరకు కట్టకుండా ఉండవచ్చు. మిగతా చోట్ల బ్యాంకు రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప ఆపడం ప్రమాదకరం. ఆలస్య రుసుము, దాని మీద వడ్డీ ఒక ఎత్తు, క్రెడిట్ స్కోరు మీద పడే మచ్చ మరో ఎత్తు. ల్యాప్‌టాప్ డబ్బు నెల రోజుల్లో తిరిగి రావచ్చు గాని, ఎగవేసిన వాయిదా క్రెడిట్ నివేదికలో ఏళ్ల తరబడి కనిపిస్తూనే ఉంటుంది, రేపు మీరు విద్యారుణానికో ఇంటిరుణానికో వెళ్లినప్పుడు అక్కడి అధికారికి దాని వెనుక కథ తెలియదు.

వాయిదాల కొనుగోళ్లలో తరచూ కనిపించే మరో చిక్కు, వాపసు వచ్చిన తర్వాత మొదలవుతుంది. అమ్మకందారు పంపిన మొత్తం కార్డు ఖాతాలో జమ అవుతుంది, కాని వాయిదాల రుణం మాత్రం పక్కన వేరేగా నడుస్తూనే ఉండవచ్చు. కార్డులో మిగులు కనిపిస్తోంది కదా అని ఆ డబ్బు ఖర్చు చేసినవారికి, తర్వాతి నెలలో వాయిదా మళ్లీ వచ్చి పడుతుంది. అందుకని వాపసు జమ అయిన రోజే, ఫలానా లావాదేవీ రద్దయింది కాబట్టి దాని వాయిదాలను మూసివేయమని బ్యాంకుకు రాయండి. ప్రాసెసింగ్ రుసుమును, అప్పటివరకు వేసిన వడ్డీని చాలా బ్యాంకులు తిరిగి ఇవ్వవు. ఆ మొత్తాన్ని కాగితం మీద రాసి పెట్టుకోండి, అది అమ్మకందారు నుంచి అడగవలసిన నష్టంలో భాగమవుతుంది.

వేరే పద్ధతుల్లో చెల్లించినవారి కోసం కొద్దిగా. పేపాల్‌లో చెల్లించిన తేదీ నుంచి 180 రోజుల్లోగా వివాదం తెరవవచ్చు, కాని ‘స్నేహితులు, కుటుంబం’ కింద పంపిన డబ్బుకు ఆ రక్షణ లేదు. నేరుగా బ్యాంకు ఖాతాకు బదిలీ చేసిన డబ్బుకు ఛార్జ్‌బ్యాక్ వంటి ఏర్పాటు ఉండదు, కనుక తెలియని అమ్మకందారు డబ్బును ఖాతాకే పంపమని పట్టుబడితే కొనకపోవడమే మంచిది. అమ్మకందారే బూటకమని తేలితే అది వినియోగదారుల ఫిర్యాదు స్థాయిని దాటిన మోసం. భారతదేశంలో సైబర్ మోసాల హెల్ప్‌లైన్ అయిన 1930 నంబరుకు గంటల్లోనే ఫోన్ చేయాలి, డబ్బు ఖాతాలు మారిపోతే పట్టుకోవడం కష్టం.

అమ్మకందారు, బ్యాంకు ఇద్దరూ కదలకపోతే, భారతదేశంలో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోన్ చేసి ముందు ఫిర్యాదు చేయవచ్చు. దానితో పని కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. అమ్మకందారు ఎక్కడో దూరాన ఉన్నా మీరు నివసించే చోటో, పనిచేసే చోటో కేసు వేయవచ్చు, చెల్లించిన ధర 5 లక్షల రూపాయలలోపు అయితే రుసుము లేదు, గడువు రెండేళ్లు. బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు.

మీరు అడగని సంగతి ఒకటి మిగిలింది. చదువు ఆగదు కనుక ఈలోగా మరో ల్యాప్‌టాప్ కొనాలనిపిస్తుంది. రాబోయే వాపసును నమ్ముకుని రెండో వాయిదా రుణం మాత్రం తీసుకోకండి. తేదీ తెలియని డబ్బును నెలవారీ లెక్కలో రాబడిగా వేసుకోకూడదు. అత్యవసర నిధి ఉంటే దానిలోంచి తీసి, తక్కువ ధరకు వాడిన యంత్రాన్ని కొనుక్కోండి లేదా కొన్నాళ్లు అద్దెకు తీసుకోండి, వాపసు రాగానే ఆ నిధిని ముందు నింపండి. ఆ అద్దె రసీదులను కూడా ఇతర కాగితాలతో కలిపి దాచండి. కమిషన్ దాకా వెళ్లవలసి వస్తే, వస్తువు రాకపోవడం వల్ల మీకు అదనంగా అయిన ఖర్చు ఇదని చూపించడానికి అవి పనికొస్తాయి.