కాటా సాఫ్ట్‌వేర్ ఉబుంటుకు మారాలంటే...

ప్రశ్న: మా పత్తి జిన్నింగ్ మిల్లులో లారీ కాటా చీటీలు ఇచ్చే సాఫ్ట్‌వేర్ ఏఎస్‌పీ డాట్‌నెట్ ఎంవీసీ 5లో (మైక్రోసాఫ్ట్ పాత వెబ్ టెక్నాలజీ) ఉంది. విండోస్ లైసెన్సు ఖర్చు తగ్గుతుందని ఉబుంటుకు (ఓ లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) మార్చాలనుకుంటున్నాం. ఫోల్డర్ కాపీ చేస్తే సరిపోతుందా సార్?
– ఓ పాఠకుడు, ఆదోని, కర్నూలు జిల్లా

జవాబు: సరిపోదండీ. ఎంవీసీ 5 నడిచే డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ విండోస్ కోసం చేసింది. ముందు ప్రాజెక్టును విండోస్‌లోనూ లినక్స్‌లోనూ నడిచే ఏఎస్‌పీ డాట్‌నెట్ కోర్‌కు మార్చి, విండోస్‌లోనే అన్నీ సరిచూసుకోండి. ఉబుంటు సంగతి ఆ తర్వాత. రెండూ ఒకేసారి మారిస్తే తప్పు ఎక్కడుందో తేలదు.

కంట్రోలర్లు (బ్రౌజర్ అడిగింది అందుకునే కోడు), రేజర్ వ్యూలు (పేజీల మూసలు) చిన్న మార్పులతో వచ్చేస్తాయి. పాత లైబ్రరీ సిస్టమ్.వెబ్ కోర్‌లో ఉండదు కాబట్టి హెచ్‌టీటీపీకాంటెక్స్ట్.కరెంట్ అని రాసిన ప్రతిచోటా ఎర్రగీత (కోడులో తప్పుందన్న గుర్తు) పడుతుంది. యాప్ మొదలయ్యేటప్పుడు గ్లోబల్.అసాక్స్ ఫైలు చేసే పని ప్రోగ్రామ్.సీఎస్‌లోకి, కనెక్షన్ స్ట్రింగ్ (డేటాబేస్‌కు దారి చెప్పే వరుస) యాప్‌సెట్టింగ్స్.జేసన్‌లోకి వెళ్తాయి. పాత వెబ్ ఫార్మ్స్ పేజీలుంటే తిరగరాయడమే.

మీకు అసలు తిప్పలు కాటా దగ్గర, చీటీ దగ్గర. విండోస్‌లో కామ్3 పోర్టుగా ఉన్న కాటా యూఎస్‌బీ కేబుల్ ఉబుంటులో టీటీవైయూఎస్‌బీ0 అవుతుంది; పీకి పెడితే ఆ అంకె మారొచ్చు. అందుకే డెవ్/సీరియల్/బై-ఐడీ కింద కనిపించే పేరు వాడండి. కాటా నుంచి బరువు చదవడానికి సిస్టమ్.ఐఓ.పోర్ట్స్ ప్యాకేజీ చేర్చాలి. యాప్ నడిపే యూజర్, సీరియల్ పోర్టులు వాడే అనుమతి ఉన్న డయలౌట్ గ్రూపులో లేకుంటే పోర్టు తెరుచుకోదు.

చీటీని డాట్‌నెట్ బొమ్మల లైబ్రరీ సిస్టమ్.డ్రాయింగ్‌తో గీస్తుంటే, డాట్‌నెట్ 7 నుంచి అది లినక్స్‌లో పనిచేయదు. స్కియాషార్ప్ అనే గీసే లైబ్రరీకి మారండి. దాని మామూలు డ్రాటెక్స్ట్‌కు ఒత్తులు కలపడం రాదు: ‘కర్నూలు’లో నావత్తు ర కిందికి దిగక ‘కర్‌ నూలు’ అన్నట్టు అచ్చవుతుంది. అక్షరాలను సరిగ్గా కలిపే స్కియాషార్ప్.హార్ఫ్‌బజ్ చేర్చి డ్రాషేప్డ్‌టెక్స్ట్ వాడితే కుదురుతుంది. సర్వర్లో తెలుగు ఫాంటు లేకుంటే వచ్చేది డబ్బాలే. నోటో సాన్స్ తెలుగు ఫాంటు ఫైలును ప్రాజెక్టులోనే పెట్టి అక్కడి నుంచే లోడ్ చేయండి.

ఫైలు పేర్లలో ఇంగ్లిషు పెద్దబడి, చిన్నబడి అక్షరాల తేడాను లినక్స్ పట్టించుకుంటుంది. లోగో కనబడకపోతే ముందు అదే చూడండి. డాట్‌నెట్ కోర్‌లోని వెబ్ సర్వర్ కెస్ట్రల్ మామూలుగా 5000 పోర్టు మీద ఉంటుంది, దాని ముందు ఎంజినెక్స్ (వచ్చిన అభ్యర్థనలను యాప్‌కు పంపే సర్వర్) పెట్టి, యాప్‌ను సిస్టమ్‌డీ (లినక్స్‌లో సర్వీసులు నడిపేది) సర్వీసుగా నడపండి. ఆ సర్వీసు యూజర్‌కు హోమ్ ఫోల్డర్ లేకపోతే లాగిన్ కుకీలను కాపాడే డేటా ప్రొటెక్షన్ కీలు మెమరీలోనే ఉండిపోతాయి. రీస్టార్ట్ చేసినప్పుడల్లా గుమాస్తాలందరూ మళ్లీ లాగిన్ కావాల్సి వస్తుంది. కీలను ఒక ఫోల్డర్లో దాచమని ప్రోగ్రామ్.సీఎస్‌లోనే చెప్పేయండి.

ప్రశ్న: ఇలా మారేటప్పుడు డాట్‌నెట్ 8 మేలా, 10 మేలా?
– ఓ పాఠకురాలు, అనంతపురం

జవాబు: 10. రెండూ మూడేళ్ల మద్దతున్నవే గానీ, 8కి 2026 నవంబరుతో గడువు తీరుతుంది. 10 వచ్చిందే 2025 నవంబరులో.