ముందు భీముడికి ఒక్క గుద్దు నేర్పించు

అల్లుడూ,

నీ మెసేజ్ చదివాను. పీజీలో నలుగురు కలిసి ఫైటింగ్ గేమ్ చేస్తున్నారనీ, ఒక పక్క భీముడూ ఘటోత్కచుడూ, ఇంకో పక్క స్ట్రీట్ ఫైటర్ గేమ్‌లో ర్యూ, డ్రాగన్ బాల్ గోకు, ఎక్స్‌మెన్ వుల్వరిన్ అనీ, కాలేజీ ఫెస్టు నాటికి అరవై మంది ఫైటర్లు ఉండాలనీ రాశావు. ఆ అరవై దగ్గర ఆగిపోయి, లేచి కాఫీ కలుపుకొచ్చి మళ్లీ చదివాను. అరవైయ్యే.

నీ ముందు ఆ గోతిలో పడింది నేనే. 2001లో బెంగళూరుకి కొత్తగా వచ్చి, ఎస్పీ రోడ్డులో తిరిగి తిరిగి ఒక సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ కొనుక్కున్నాను. రూమ్మేట్ ఎవరి దగ్గరో ముగెన్ ఉన్న సీడీ తెచ్చాడు. ఫైటింగ్ గేములు మనమే తయారుచేసుకోవడానికి ఎలెక్‌బైట్ అనే బృందం 1999లో వదిలిన ఇంజిన్ అది. కుంగ్ ఫూ మ్యాన్ అనే ఒక్కణ్ణి చేతిలో పెట్టి, మిగతావాళ్లని మీరే చేసుకోండన్నారు. దేశదేశాల కుర్రాళ్లు అలాగే చేసి పడేశారు. ఏడాది తిరిగేసరికి ఫైటర్ని ఎంచుకునే నా సెలెక్ట్ స్క్రీన్‌లో మూడొందల మంది చేరారు. వాళ్లలో ఒక్కడితోనూ నేను పట్టుమని పది రౌండ్లు ఆడలేదు. పెళ్లిలో విస్తరి నిండా వడ్డించుకుని పెరుగన్నం తిని లేచినట్టయింది నా పని.

ఇంజిన్ ఏది వాడాలని అడిగావు. ఇందులో పెద్దగా ఆలోచించడానికేం లేదు. ముగెన్ 1.0 వచ్చింది 2011లో, 1.1 బీటా 2013లో. తర్వాత ఎలెక్‌బైట్ వాళ్లు కొత్త వెర్షన్ వదల్లేదు. నువ్వు ఐకెమెన్ గో అనే ఇంజిన్ తీసుకో. కోడ్ అందరికీ ఓపెన్‌గా ఉంటుంది, ముగెన్ కోసం చేసిన ఫైటర్లు చాలామంది అందులోనే నడుస్తారు, ఆన్‌లైన్‌లో ఆడుకోవచ్చు కూడా. అది గో అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిందే అయినా నీకు గో రానక్కర్లేదు. బొమ్మలు సర్దడానికి ఫైటర్ ఫ్యాక్టరీ అనే సాఫ్ట్‌వేర్ పెట్టుకో.

ఇక అసలు పని. ఈ నెలంతా మీరు నలుగురూ కలిసి భీముడికి ఒక్క గుద్దు నేర్పించండి. నవ్వకు.

గేమ్ సెకనుని అరవై ముక్కలు చేసుకుంటుంది, ఒక్కో ముక్క ఒక టిక్కు. గుద్దులో మూడు భాగాలుంటాయి: చెయ్యి వెనక్కి లాగడం, తగలడం, మళ్లీ సర్దుకోవడం. ప్రతి బొమ్మ మీదా పెట్టెలు గీయాలి. నీలం పెట్టె ఉన్నచోట మనవాడికి దెబ్బ తగులుతుంది, ఎర్ర పెట్టె ఉన్నచోట ఎదుటివాడికి. నేను తెలియక మొదటి బొమ్మ నుంచీ ఎర్ర పెట్టె గీశాను. భీముడు చెయ్యి ఇంకా వెనక్కి లాగుతూనే ఉంటాడు, అవతలివాడు అప్పటికే మూలుగుతూ ఉంటాడు. ఎర్ర పెట్టె తగిలే బొమ్మలో మాత్రమే ఉండాలి.

కుంగ్ ఫూ మ్యాన్ ఫైల్ తెరిచి చదువు, నాకు గురువు వాడే. ఫైటర్ ప్రాణం మామూలుగా వెయ్యి పాయింట్లు. వాడి చిన్న గుద్దుకి పోయేది 23. ఆ గుద్దు తగిలినప్పుడు ఇద్దరూ ఎనిమిది టిక్కులు అలాగే బిగుసుకుపోతారు. ఆడేటప్పుడు ఆ ఆగడం కంటికి తెలియదు, చేతికి తెలుస్తుంది. దెబ్బ పడిందన్న ఫీలంతా అక్కడే ఉంది. భీముడి గదకి ఆ ఎనిమిదిని పదిహేను చేసి చూడు, డ్యామేజీ ఒక్క పాయింటు పెంచకపోయినా గద బరువెక్కుతుంది. అలాగే గద ఎత్తడానికి వాడికి కాస్త ఎక్కువ టిక్కులివ్వు. భీముడు చురుగ్గా ఉంటే భీముడెలా అవుతాడు?

బొమ్మలు గియ్యడం రాదు, ఫొటోలు తీసి పెడతాం అన్నావు. పెట్టు, కానీ ఈ కథ విని పెట్టు. 2004లో మీ అమ్మానాన్నా శ్రీరామపురంలో నా రూముకి వచ్చినప్పుడు మీ నాన్నని భీముణ్ణి చేశాను. డాబా మీద నీలం దుప్పటి కట్టి, స్నేహితుడి డిజిటల్ కెమెరా అడిగి తెచ్చి, ప్లాస్టిక్ బిందెకి కర్ర దూర్చి గద చేసి, ఎండలో రెండు గంటలు నిలబెట్టాను. పాపం మా బావ ఒక్క మాటనలేదు. అప్పటి ముగెన్‌లో ఒక్కో బొమ్మకి 256 రంగుల పట్టీ ఉండేది, అందులో సున్నా నంబరు రంగు తెర మీద కనబడదు. నేను దుప్పటి నీలాన్నంతా సున్నాలోకి తోసేశాను. మీ నాన్న కట్టుకున్న లుంగీ కూడా నీలమేనన్న సంగతి గేమ్ నడిపాక తెలిసింది. నడుము పైన భీముడు, మోకాళ్ల కింద భీముడు, మధ్యలో కురుక్షేత్రం. అక్క మూడు రోజులు నవ్వింది.

అందుకని ఒంటి మీద లేని రంగు గుడ్డ కట్టండి, కెమెరాని స్టాండు మీద నుంచి కదపకండి. ప్రతి బొమ్మకీ రెండు పాదాల మధ్య నేల మీద ఒక గుర్తు పెట్టాలి, యాక్సిస్ అంటారు. అది నాలుగు పిక్సెళ్లు అటూ ఇటూ అయితే చాలు, ఊరికే నిలబడ్డ భీముడు చలిజ్వరం వచ్చినట్టు వణుకుతాడు.

ఇంకో చోట నాకు మూడు రాత్రులు పోయాయి, నీకు పోకూడదు. కింద, మూల, ముందు, గుద్దు అని వరసగా నొక్కితే గద విసరాలి. ఎంత నొక్కినా ఉత్త గుద్దే వస్తోంది. నా వేళ్లలోనే లోపం అనుకుని ఆఫీసులో టేబుల్ మీద కూడా ప్రాక్టీసు చేశాను. చివరికి చూస్తే కమాండ్ల ఫైల్లో మామూలు గుద్దు పైనా, గద విసురు కిందా రాసుకున్నాను. ఇంజిన్ పైనుంచి కిందికి చదువుతుంది. రెండిట్లోనూ ఆఖరున గుద్దు బటన్ ఉంది కదా, పైన ముందు కనబడ్డదాన్నే పట్టుకుంటుంది. కష్టమైన వరసలన్నీ పైన, ఒంటి బటన్లు అడుగున రాయాలి.

ఇప్పుడు నీ క్రాసోవర్ మాట, అంటే వేరే వేరే కథల వాళ్లని ఒక్క గేమ్‌లో కలపడం. ర్యూనీ భీముణ్ణీ ఒక తెర మీదికి తేవడం చిటికెలో పని. వాళ్ల పోట్లాట చూడబుద్ధి కావడమే కష్టం. స్ట్రీట్ ఫైటర్ టూ పద్ధతిలో చేసిన ర్యూ నేల మీద ఆచితూచి ఆడతాడు. మార్వెల్ వర్సెస్ క్యాప్‌కామ్ అనే గేమ్ నుంచి తెచ్చిన వుల్వరిన్ ఆకాశంలోకి ఎగిరి అక్కడే డజను దెబ్బలు కొడతాడు. ఇద్దర్నీ కలిపితే వాలీబాల్ ఆడేవాడికీ చదరంగం ఆడేవాడికీ మ్యాచ్ పెట్టినట్టే. సైజులూ కలవవు, ఒకడు ఇంకొకడి మోకాలి దాకా వస్తాడు. దాన్ని ఫైటర్ ఫైల్లో స్కేల్ మార్చి సర్దొచ్చు, కానీ ఆటతీరు సర్దడానికి కూర్చుని ఆడి చూడాల్సిందే.

కంపెనీలకే ఈ తలనొప్పి తప్పలేదు. 2000లో స్ట్రీట్ ఫైటర్ తీసిన క్యాప్‌కామ్ తన మనుషుల్నీ, ఎస్‌ఎన్‌కే అనే ఇంకో గేమ్ కంపెనీ మనుషుల్నీ కలిపి గేమ్ తీసినప్పుడు, ఒక్కొక్కరికీ బలాన్ని బట్టి ఒకటి నుంచి నాలుగు దాకా రేషియో ఇచ్చి, జట్టు మొత్తం నాలుగు దాటకూడదంది. ఒక్క నాలుగైనా తీసుకో, నాలుగు ఒకట్లైనా తీసుకో. నాకు భలే నచ్చిన లెక్క అది. మీ గేమ్‌కి ఇంకా తేలిగ్గా, అందరికీ ఒకే కొలబద్ద పెట్టుకోండి: ప్రాణం వెయ్యి, చిన్న గుద్దు ముప్పై దాటకూడదు, ఎంత పెద్ద సూపర్ దెబ్బైనా మూడొందల యాభై దాటకూడదు. ఎవరు ఎవర్ని తెచ్చినా ముందు కుంగ్ ఫూ మ్యాన్‌ని ఎదురుగా నిలబెట్టి కొలిచి చూశాకే సెలెక్ట్ స్క్రీన్‌లోకి రానివ్వండి. ఒక్క దెబ్బకి చంపేసేవాళ్లు బోలెడంతమంది దొరుకుతారు, వాళ్లు డౌన్‌లోడ్ చేసిన రోజు మాత్రమే ముద్దొస్తారు.

మన జనానికి ఈ లెక్క పుట్టుకతోనే వచ్చు. మల్టీస్టారర్‌లో ఒక హీరోకి ఒక ఫైటు తక్కువైతే థియేటర్ దగ్గర ఏమవుతుందో నీకు చెప్పాలా? పాత నాటకాలవాళ్లు ఏకంగా రాముడికీ ఆంజనేయుడికీ యుద్ధం పెట్టి, చూసేవాళ్లలో ఎవరి మనసూ నొప్పించకుండా నెగ్గుకొచ్చారు. నీ భీముడు ర్యూ చేతిలో ఓడినా, పీజీలో వాడి ఫ్యాన్ రెండో రౌండ్ అడిగేలా ఉండాలి.

ఫెస్టులో ఆటకి ఇరవై రూపాయలు పెడదామనుకుంటున్నావు. వద్దు. ర్యూ, గోకు మనవాళ్లు కారు, వాళ్ల సొంతదార్లు వేరే ఉన్నారు. ముగెన్ లైసెన్సు కూడా దాంతో వ్యాపారం చేయొద్దనే అంది. ఐకెమెన్ కోడ్ ఉచితమైనంత మాత్రాన అందులో దూర్చిన బొమ్మలు ఉచితం కావు. ఎవరో రాత్రులు కూర్చుని చేసిన ఫైటర్‌కి రంగు మార్చి మీ పేరు పెట్టుకుంటే అది ఇంకా పాడు పని, రీడ్‌మీ ఫైల్లో వాళ్ల పేరు అలాగే ఉంచండి. భీముడూ ఘటోత్కచుడూ అయితే ఎవరి సొత్తూ కాదు. ఒక్క జాగ్రత్త: ఘటోత్కచుడనగానే ఎస్వీ రంగారావు మొహమే దిగిపోతుంది చేతిలోంచి. ఆ మొహం పక్కన పెట్టి, మీ పీజీలో లావుగా ఉండే ఆ కర్నూలు అబ్బాయిని అడిగి చూడు.

ఆరుగురు చాలు. ఇద్దరు మీరు చేసినవాళ్లు, నలుగురు తెచ్చుకున్నవాళ్లు.

ఆదివారం ల్యాప్‌టాప్ పట్టుకుని మల్లేశ్వరం వచ్చెయ్. మారతహళ్లి నుంచి బస్సు జోలికి పోకు, కుందలహళ్లిలో పర్పుల్ లైన్ ఎక్కి మెజెస్టిక్‌లో గ్రీన్‌కి మారు. అత్త పెసరట్టు వేస్తానంది. బిందె గద ఫొటోలున్న సీడీ అటక మీద ఉండాలి, నువ్వొచ్చేలోపు వెతికి ఉంచుతాను. మీ నాన్నకి మాత్రం ఇప్పుడే చెప్పకు.

మామయ్య