బోర్డు మీటింగుకు పోతే తలుపు దగ్గరే ఆపారు

"సర్కారు సంస్థల బోర్డు మీటింగుల్లో మామూలు జనం కూర్చోవచ్చా?" అని అడిగారు. కూర్చోనివ్వరు. నేను పోయి చూసినోణ్ణే.

మాది హనుమకొండ. మా గల్లీలో రోడ్డు వెడల్పు చేసే ప్లాన్ ఒక సర్కారు సంస్థ బోర్డు ముందుకు వస్తోందని తెలిసి, పదిన్నరకే ఆ ఆఫీసుకు పోయాను. స్కూటర్ లోపల పెట్టనివ్వలేదు, అదో గోల. హాలు బయట స్టూలేసుకుని కూర్చున్న అటెండర్ "లోపలికి పోవద్దు కాకా, సార్లు నన్ను తిడతరు" అన్నాడు. సరే, బెంచీ మీద కూలబడ్డాను. నా ముందు నుంచే సమోసాల ట్రే పోయింది, చాయ్ ఫ్లాస్కు పోయింది. తలుపు తెరిచినప్పుడల్లా ఏసీ గాలితో పాటు ఎదురు గోడ మీద మ్యాప్, దాని మీద ఒక ఎర్ర గీత కనిపించేవి. ఆ గీత మా అరుగు మీద నుంచి పోతోందా, పక్క నుంచా అని మెడ చాచేలోపే తలుపు మూసుకునేది. ఒంటిగంటన్నరకు అందరూ బయటికొచ్చి కార్లెక్కి పోయారు.

చాలామంది సమాచార హక్కు చట్టంతో తలుపులు తెరుచుకున్నాయనుకుంటారు. 2005 నాటి ఆ చట్టం నాలుగో సెక్షన్‌లో ఉన్నది వేరు: మీ బోర్డుల మీటింగులకు జనం రావచ్చా, మినిట్స్ (మీటింగులో ఏం జరిగిందో రాసిన కాగితం) చూడొచ్చా అన్నది మీ అంతట మీరే ప్రకటించండి అని సర్కారు ఆఫీసులకు చెప్పడం. రానివ్వం అని రాసి పెట్టినా సరిపోతుంది!

మరి కరెంటు చార్జీలు ఖరారు చేసే రెగ్యులేటరీ కమిషన్ మా హనుమకొండలోనే బహిరంగ విచారణ పెడితే రైతులు మైకు పట్టుకుని డిస్కమ్ (కరెంటు పంపిణీ సంస్థ) పెద్ద సార్లను ముఖం మీదే అడుగుతారు. ఏం కొంప మునిగింది? 2003 విద్యుత్ చట్టమే జనం అభ్యంతరాలు వినాలంది కాబట్టి వింటున్నారు. మిగతా బోర్డులకూ అలా రాసిపెడితే తప్ప కదలరు, ఇది నా గట్టి నమ్మకం.

మీటింగు మీద ఆశ వదిలేసి మినిట్స్ అడగండి. నేను సమాచార హక్కు చట్టం కిందే పది రూపాయల ఫీజు కట్టి దరఖాస్తు పెట్టాను. 30 రోజుల్లో ఇవ్వాలి, ఇవ్వలేదు. అప్పీలుకు పోతే అప్పుడొచ్చింది కాగితం. మా గల్లీ గురించి ఒక్కటే ముక్క: "చర్చించి ఆమోదించడమైనది". ఎవరేమన్నారో లేదు, ఆ ఎర్ర గీత మ్యాపూ జత చేయలేదు. దానికోసం మళ్లీ ఇంకో పది రూపాయలు కట్టాను.