వెబ్‌సైట్ లేకుండా షాపు పేరుతో ఈమెయిల్ పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు, డొమైన్ పేరు, అంటే ఈమెయిల్ అడ్రస్‌లో ఎట్ గుర్తు తర్వాత వచ్చే పేరు, ఒక్కటి కొని, దానికి మెయిల్ సర్వీసు తీసుకుంటే చాలు. సైటు ఎక్కడుందో చెప్పే సెట్టింగ్ వేరు, మెయిల్ ఎక్కడికి చేరాలో చెప్పే ఎంఎక్స్ రికార్డు వేరు. గుంటూరు పట్నం బజారులో పచ్చళ్ల కొట్టు ఉందనుకోండి. బిల్లు పుస్తకం మీద ‘ఆర్డర్స్’, ఎట్ గుర్తు, కొట్టు పేరు, డాట్ ఇన్ అని అచ్చు వేయించుకోవచ్చు. రేపు మెయిల్ కంపెనీని మార్చినా ఆ అడ్రస్ అదే, పుస్తకాలు మళ్లీ కొట్టించక్కర్లేదు. ఫోన్‌లో చెబితే ఒక్కసారికే రాసుకోగలిగే స్పెల్లింగ్ చూసుకోండి. హైఫన్లు మాత్రం వద్దు.

డొమైన్ ఒకసారి కొంటే ఎప్పటికీ మనదేనని చాలామంది అనుకుంటారు. కాదు, ఒకసారికి 1 నుంచి 10 ఏళ్ల వరకే రిజిస్ట్రేషన్. రెన్యువల్ మరిస్తే మెయిల్ ఆగిపోతుంది, పేరు ఇంకొకరు తీసేసుకోవచ్చు. ఆ గడువు కబురు మీకే రావాలంటే, సైటు చేసిచ్చే కుర్రాడి పేరున కాకుండా మీ పేరున, మీ ఫోన్ నంబరుతోనే రిజిస్టర్ చేయించండి.